మొహమాటం తెలిసిన వంటిల్లు

ప్రోగ్రాములన్నీ యంత్రాలే రాసేసుకుంటున్నాయి కనుక, నాలాంటి యాభై దాటిన గుమాస్తాలకు మిగిలింది వాటికి కొత్త భాషలు అల్లిపెట్టడమే. అది నేర్పడానికి ఆఫీసువాళ్లు పెట్టిన కోర్సులో ఇప్పటికి నా రెండు ప్రాజెక్టులూ రిజెక్టులయ్యాయి. ఇదీ పోతే ఉద్యోగం ఊడుతుంది. ఐదింటిలోగా ప్రగతి నివేదిక పంపాలి, రాయడానికున్నదేమో అధోగతి.

నా భాషకు మన మర్యాదలు తెలుసు. పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లలాగే మొదటి రెండు "వద్దు"లనూ మొహమాటం అనుకుని, మూడోదాన్నే నమ్ముతుంది. వారంగా, తనంతట తానే వండి వడ్డించే మా యంత్రాల వంటిల్లు దాంతోనే నడుస్తోంది.

దొంగ నివేదికలు ఎక్కువైపోయాయని, ఇప్పుడు ఇంట్లో వాడినవాళ్ల సాక్ష్యం కూడా అడుగుతున్నారు. మా ఆవిడ వకుళ అప్పటికే కుర్చీలో కూలబడి ఉంది.

"రెండు మంచి ముక్కలు చెప్పవే వకుళా."

"ఏం చెప్పమంటారు? రెండు ఇడ్లీలు చాలు మొర్రో అంటే ఆరు పెట్టింది. ప్రతి మాటా మూడుసార్లు చెప్పలేక నోరు పడిపోతోందండీ."

"అయితే నా ఉద్యోగమూ పడిపోయినట్టే."

ఆమె నివేదిక రాసుకునే పెట్టె వైపు తిరిగింది.

"రాసుకో. ఈ భాషకు చాదస్తం ఎక్కువ. కానీ పెళ్లయిన ఇరవయ్యేడేళ్లలో, నేను వద్దంటే నిజంగానే వద్దా అని మళ్లీ అడిగింది ఈ వంటిల్లొక్కటే."

ఆ చివరి వాక్యం తీసెయ్యమందామని నోరు తెరిచాను. సాక్ష్యం మొత్తంలో నా భాషను మెచ్చుకున్నది అదొక్కటే. నోరు మూసుకుని పంపేశాను.