పదకొండు గదులు

ముసాయిదా మూడో పేజీలో ఒక్క వాక్యం మీదే ఎర్ర పెన్సిల్ గీత పడింది.

"పార్టీ సభ్యులెవరూ ఒంటి రంగు చూసి గది అద్దెకు లేదనకూడదు."

ఆ వాక్యం యూనిస్‌ది. ట్రినిడాడ్ నుంచి లండన్ వచ్చి నాలుగేళ్లయిన నర్సు. కమ్యూనిస్టు పార్టీలో వెస్టిండీస్ వ్యవహారాల కమిటీ సభ్యురాలు. వర్ణవివక్ష మీద పార్టీ అచ్చు వేయబోయే చిన్న పుస్తకానికి కమిటీలోని తొమ్మిది మంది ఆరు ఆదివారాలు తలలు బద్దలు కొట్టుకుని రాసిన ముసాయిదా అది.

"మిగతాదంతా పైవాళ్లు ఒప్పుకున్నారు యూనిస్," అన్నాడు కమిటీ కార్యదర్శి రెజ్. "సర్కారును కడిగేశాం. ఇళ్ల ఓనర్లను కడిగేశాం. ఈ ఒక్కటీ పోతే కొంపలేం మునుగుతాయి?"

"మునగవు. ఆ కొంపల్లోకి మమ్మల్ని రానివ్వరు, అంతే."

"మన కమిటీ సలహా ఇచ్చేదే. నిర్ణయం పై కమిటీది. అది అయ్యాక అందరిదీ ఒకటే మాట. తెలుసుగా?"

తెలుసు. ఎదురు మాట్లాడితే పార్టీ సభ్యత్వ కార్డు పోతుంది. ఈ ఊళ్లో ఆమెకున్న బలగమల్లా ఆ కార్డే.

పైగా అచ్చయిన పుస్తకాన్ని లండన్‌లోనే ఉన్న బ్రిక్స్‌టన్ పేట పార్టీ శాఖలో చదివి వినిపించే పని ఆమెకే అప్పగించారు. యూనిస్‌కు ఒళ్లు మండిపోయింది. అయినా సరేనంది.

ఆదివారం పొద్దున. తడి కోట్లతో, టీ కప్పులతో నలభై మంది. యూనిస్ అక్షరం పొల్లుపోకుండా మొత్తం చదివింది.

చప్పట్లు మోగాయి. ఆమె కూర్చోలేదు.

"ఒక్క ప్రశ్న. మీలో అద్దెకిచ్చే గది ఎవరెవరికి ఉంది?"

పదకొండు చేతులు లేచాయి.

"మా తమ్ముడు వచ్చే వారం ఓడ దిగుతున్నాడు. బస్సు కండక్టరు ఉద్యోగం ఖాయమైంది. వాడికి గది ఎవరిస్తారు?"

చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

"మాకేం పట్టింపు లేదమ్మాయ్," అంది ముందు వరసలోని మేబెల్. "పక్కింటివాళ్లే ఊరుకోరు."

"యూనిస్, నిర్ణయం అయిపోయింది," అని రెజ్ పళ్లు కొరికాడు.

"నేనేం ఎదురు మాట్లాడలేదే! పుస్తకంలో ఉన్నదంతా చదివాను. ఇంట గెలిచి రచ్చ గెలుద్దామని అడిగాను."

ఆ రోజు సమావేశంలో జరిగిందంతా నమోదు చేసే మినిట్స్ రాస్తున్నది రెజ్. మినిట్స్ ఉన్నవి ఉన్నట్టు పై కమిటీకి వెళ్లాల్సిందే, వాటి మీద ఎర్ర పెన్సిల్ నడవదు.

ఆయన కలానికి మూత పెట్టేశాడు.

"మూత తియ్యండి కామ్రేడ్," అంది యూనిస్. "పదకొండు గదులు. ఒక్క చెయ్యీ మిగల్లేదు. రాయండి."

ఆయన రాసేదాకా ఆమె నిలబడే ఉంది.