బోరు పని

“పిస్టన్ పాయె, రింగులు పాయె. సిలిండర్ గూడ అరిగింది,” అన్నాడు మెకానిక్ అంజన్న, చేతుల నూనె గుడ్డకు తుడుస్తూ. “కరీంనగర్ పంపి లోపల గీకిస్తే కొత్త పిస్టన్ ఏస్త. ఇగ పదేండ్లు ఫికరుండది.”

“చూద్దాం తియ్,” అన్నాడు వెంకటి. తన పాత మోటారు సైకిలు పొగ చూసి లక్సెట్టిపేట బజారంతా నవ్వుతున్న మాట నిజమే. కానీ సడ్డకుడు కైలాసం బండి కూడా పొగే కక్కుతోంది. ఇద్దరూ ఒకే ఏడు కొన్న బండ్లవి. వాడు చేయించకుండా తానెందుకు చేయించాలి?

కైలాసం వెంకటి భార్య లింగవ్వకు అక్క మొగుడు. మగపిల్లలు లేని మామ వాన మీదే పండే తన చెలకను రెండు ముక్కలు చేసి ఇద్దరు కూతుళ్లకూ ఇచ్చాడు. నడుమ గట్టు ఒక్కటే. ఆ గట్టుకు అవతల పత్తి పూస్తే ఇవతల వెంకటి కడుపు మండేది.

ఆ సాయంత్రం అక్క ఇంటికి పోయొచ్చిన లింగవ్వ, అన్నం వడ్డిస్తూ మాటల్లో అన్నది. “బావ ఇంట్ల లేడు. బోరు పని మీద కరీంనగర్ పోయిండట.”

వెంకటి ముద్దను పళ్లెంలో పడేశాడు.

“నాకొక్క మాటన్న చెప్పకుంటనా?”

“నువ్వు చెప్తవా ఆయనకు?”

వెంకటికి అన్నం సయించలేదు. ముందు బోరు పడ్డవాడిదే నీళ్లు. తన భూమి కింది నీళ్లు కూడా వాడే గుంజుకుంటాడు. వాడి ముక్కలో వరి పండుతుంటే తాను గట్టు మీద కూర్చుని చూడాలి.

మర్నాడు బస్టాండులో కైలాసమే ఎదురయ్యాడు. చేతిసంచితో బస్సు దిగుతున్నాడు. బండి లేదు. ఏకంగా బండే అమ్మి బోరుకు పెట్టాడన్నమాట. అడిగితే చిన్నతనం, అడగకపోతే నిద్ర పట్టదు.

“బోరు పనేనా అన్నా?”

“అవు తమ్మీ. గిదొక్కటి అయిందంటే నన్ను పట్టేటోడుండడు.”

ఆ మాట వెంకటికి సూదిలా దిగింది. అటునుంచటే అంజన్న షెడ్డుకు పోయి, ఉన్నదున్నట్టు బండి అమ్మేస్తున్నానన్నాడు. బాగుచేస్తే నిక్షేపంలాంటి బండి, తొందరపడొద్దని అంజన్న ఎంత చెప్పినా వినలేదు. బండి పైకం చాలక లింగవ్వ చెవుల కమ్మలు కూడా తీసుకుపోయాడు. ఆమె తిట్టింది, ఏడ్చింది, చివరికి తీసిచ్చింది. కైలాసం కంటే ముందుగా బోరు లారీని చెలకలోకి తోలుకొచ్చాడు.

పొద్దంతా తవ్వారు. తెల్లటి దుమ్ము లేచి పత్తి చేను మీద పడింది. చుక్క తడి రాలేదు. చూడవచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. లింగవ్వ బోసి చెవులు కొంగుతో కప్పుకుని గట్టు మీద కూలబడింది.

వెంకటికి మిగిలిన ఊరట ఒక్కటే. నేల ఒక్కటే గదా, వాడికీ దుమ్మే లేస్తుంది.

అంతలో పక్క చేనులోంచి కైలాసం గబగబా వచ్చాడు. లారీని చూశాడు, మరదలి చెవులు చూశాడు, తల పట్టుకున్నాడు.

“ఎంత పని చేసినవ్ తమ్మీ. నన్నొక్క మాట అడిగితే కాకపోవునా? గీ చెలకల నీళ్లెక్కడివి?”

వెంకటికి ఒళ్లు మండింది. “ఓహో. మరి నువ్వు దేనికి చేయిస్తివి బోరు?”

“బండి ఇంజన్‌కు తమ్మీ. సిలిండర్ లోపల గీకుడును గూడ బోరనే అంటరు గదా.”