రాగి రేకు

మార్చి పదకొండు మధ్యాహ్నం మృత్యుంజయ తిన్నది అరటికాయ ఆవపెట్టిన కూర, మిరియాల చారు. కూర కొంచెం ఘాటయింది. "కలకత్తా ఆవాలండీ, నన్నేం చెయ్యమంటారు?" అంది భార్య జయలక్ష్మి. సాయంత్రానికి ఆమె లేదు. గిన్నెలో కూర ఇంకా ఉంది.

ఆ తరవాత ఎండాకాలం వెళ్ళిపోయింది. వానలూ వెళ్ళిపోయాయి. అతనికి రెండూ తెలియలేదు.

కలకత్తా వాట్‌గంజ్‌లో ఇంటి కింది గదిలోనే అతని పని. రేసు కార్లవాళ్ళు నైట్రస్ బాటిళ్ళు తెస్తారు. ఇంజనుకి ఒక్కసారిగా ఊపునిచ్చే వాయువు అది. పళ్ళ డాక్టర్లు నొప్పి తెలియకుండా ఇచ్చేదీ అదే. బాటిల్ పరీక్షించి, నింపి, తూచి ఇస్తాడు. కాలేజీలో చదివిన కెమిస్ట్రీకి మిగిలిన పని అదొక్కటే. పొద్దున్నే లేవడానికి అదైనా ఉంది. అదో మేలు.

ఒక సాయంత్రం గుమ్మం ముందు ఎర్రకారు ఆగింది. బాటిల్ చంకలో పెట్టుకుని ఒక కుర్రాడు దిగాడు.

"కాకూ, నేను అభిజిత్‌ని. ఏక్‌బాల్‌పూర్‌లో నింపేవాడు కొట్టు ఎత్తేశాడు. రేపే నా రేసు. జల్దీ నింపేయండి, ప్లీజ్."

"బాబాయ్ అనకుండా కాకూ అంటున్నావు, తెలుగువాడివా బాబూ?"

"ఇంట్లో తెలుగే. చదవమన్నారో, మళ్ళీ కనబడను."

కుర్రాడిది మంచి నవ్వు. మృత్యుంజయ బాటిల్ మెడ మీద కొట్టిన పరీక్ష తేదీ చూశాడు. గడువుంది. పక్కనున్న నట్టు విప్పి, లోపలిది బల్ల మీద పెట్టాడు.

"ఏటి బాబూ ఇది? ఇక్కడ ఒక్కటే పల్చటి రాగి రేకు ఉండాలి. లోపల ఒత్తిడి హద్దు దాటితే ముందు అది చిరుగుతుంది. గ్యాసు బయటికి పోతుంది, నువ్వు బతుకుతావు. ఎవడో రెండు రేకులు కలిపి బిగించేశాడు."

"ఒకటైతే ఊరికే చిరిగిపోతోందని వాడే డబుల్ వేశాడు. గట్టిగా ఉంటే మంచిదే కదా?"

"బాంబు కూడా గట్టిగానే ఉంటుంది."

ఖాళీ బాటిల్‌ని తూచి పాత ఫ్రిజ్‌లో పెట్టాడు. చల్లబడితే గ్యాసు తేలిగ్గా దిగుతుంది.

"ఈలోగా ఇది కూచునే చోటు చూపించు."

ఇద్దరూ బయటికి వచ్చారు. కారు కుడి దీపానికి పసుపు ఫిల్మ్ అంటించి ఉంది. ఎడమ దీపం కొత్తది. దానికి ఏ ఫిల్మూ లేదు. మృత్యుంజయ అక్కడే వంగి చూస్తున్నాడు.

"బాటిల్ ఉండేది డిక్కీలో కాకూ! ముందు కాదు!"

"ఈ దీపానికేమైంది?"

"అదా? ఎప్పుడో పగిలింది. కుక్క అడ్డొచ్చింది."

మృత్యుంజయ డిక్కీ దగ్గరికి వెళ్ళి క్లాంపులు లాగి చూశాడు. బిగువుగానే ఉన్నాయి. లోపలికి వచ్చి, సొరుగులో కాసేపు వెతుక్కుని, రెంచి పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

బల్ల మీద పాత జంట రేకు, కొత్త ఒంటి రేకు పక్కపక్కనే ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాడు.

"పాతదే వేసెయ్యండి కాకూ. నేనేం అనుకోను."

మృత్యుంజయ ఫ్రిజ్‌లోంచి బాటిల్ తీసి, ఒంటి రేకు బిగించాడు.

చల్లబడ్డ బాటిల్‌ని కాటా మీద పెట్టి, గొట్టం తగిలించి, పంపు వేశాడు. ముల్లు కదిలింది.

"నవ్వించే గ్యాస్ అంటారు కదా దీన్ని. మీరు ఒక్కసారీ నవ్వరేంటి?"

"పీల్చకూడదు బాబూ. అందుకే కిటికీలన్నీ తీసి పెడతాను."

ముల్లు, ఆపాల్సిన బరువు గీత మీదికి వచ్చింది. పంపు కట్టాల్సిన చెయ్యి కదల్లేదు. ముల్లు గీత దాటింది. ఇంకొంచెం దాటింది.

"అరె వాహ్! ఉండనివ్వండి కాకూ. రేపు పనికొస్తుంది."

మృత్యుంజయ పంపు కట్టేశాడు. కాటా వంక చూశాడు. ఎంతసేపు చూశాడో అతనికి తెలియదు. తరవాత బాటిల్‌ని పెరట్లోకి మోసుకెళ్ళి వాల్వు కొద్దిగా తిప్పాడు. తెల్లటి పొగ బుస్సుమంది. చలికి వేళ్ళు మొద్దుబారాయి. గాలి రేవు వైపు వీస్తోంది, సందులో పిల్లలెవరూ లేరు. అదీ మేలే.

"అయ్యో, ఎందుకు వదిలేశారు?"

"ఎండలో డిక్కీ కాగుతుంది. లోపల ఖాళీ ఉంచకపోతే ఇది ఎటు పెరుగుతుంది? నీ వైపే."

మళ్ళీ తూచాడు. ముల్లు గీత మీద నిలబడింది. అతుకుల చుట్టూ సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. నురగ పని ఒకప్పుడు జయలక్ష్మిది. "ఇంకోసారి చూడండి, ఎవరి పిల్లలో ఏమో" అనేది.

ఇంకోసారి చూశాడు.

"రోడ్డు మీద దీన్ని తెరవకు బాబూ. ట్రాక్ మీదే."

"మా అమ్మా ఇదే పాట పాడుతుంది" అంటూ అభిజిత్ వంగి, ఇక్కడి పిల్లల అలవాటు ప్రకారం, అతని పాదాలు తాకాడు. మృత్యుంజయ చెయ్యి కాసేపు గాల్లోనే ఆగిపోయింది. తరవాత ఆ తల మీదికి దిగింది.

కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే ఉన్నాడు.

అప్పుడు, మార్చి పదకొండున జయలక్ష్మి చీర కుచ్చెళ్ళలో చిక్కుకుంటే ఆసుపత్రి నర్సు తీసి ఇచ్చిన, పసుపు ఫిల్మ్ అంటిన దీపపు పెంకును జేబులోంచి తీసి మళ్ళీ సొరుగులో పెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసుకున్నాడు.