మోర్టీ అడిగిన వివరాలు

ముసలాయన వచ్చి బల్ల చివర కూర్చోగానే, మిగతా ముగ్గురూ తమ రొట్టె ముక్కలు పట్టుకుని లేచారు.

"కూర్చోండర్రా. నేనేం కరవను," అన్నాడు మోర్టీ.

"కరిచేదాన్నయితే కట్టేస్తాం," అన్నాడు ఫెస్టీ. "చాడీలు మోసేదాన్నేం చేస్తాం?"

ఆ తాలూకాలోనే ఇంకో మకాం నుంచి మోర్టీ ఈ గొర్రెల మకాంకి వచ్చి ఇంకా రెండు నెలలే. వచ్చిన రెండో ఆదివారం నుంచీ మేజిస్ట్రేటు ఇంటి పెరటి గుమ్మంలోంచి లోపలికెళ్ళి, పొద్దు వాలాక బయటికొస్తున్నాడు. ఫెస్టీ కళ్ళారా చూశాడు. ఐర్లండులో ఓడెక్కించి, సముద్రాలు దాటించి సిడ్నీ అవతల ఈ కొండల్లో పడేసిన ఖైదీకి మేజిస్ట్రేటు ఇంట్లో ఏం పని?

గొర్రెని దొంగిలించినవాణ్ణి ఇక్కడి ఖైదీలు పక్కన కూర్చోబెట్టుకుంటారు. జమీందారు గడ్డివాము తగలబెట్టి వచ్చినవాడికైతే పెద్దపీటే. దొరలకి పేర్లు చెప్పేవాడికి మాత్రం నిప్పు కూడా ఇవ్వరు. పోనీ విచారించి తేలుస్తారా అంటే, అదీ లేదు. రొట్టె ఒకవైపు కాలేలోపు తీర్పయిపోతుంది.

ఆ ముగ్గురిలో బార్ట్లీ గొడవ వేరు.

మంచి నడవడి ఉన్న ఖైదీ అర్జీ పెట్టుకుంటే, పెళ్ళాం పిల్లల్ని సర్కారే తన ఖర్చుతో ఓడెక్కించి పంపుతుంది. అర్జీ మీద మేజిస్ట్రేటు సంతకం ఉండాలి. బార్ట్లీ రెండుసార్లు మేస్త్రీ చేతికి అర్జీ ఇచ్చాడు. మొదటిది ఎక్కడో పడిపోయిందన్నాడు మేస్త్రీ. రెండోది పడిపోలేదు. దాంతో ఆయన పైపు వెలిగించుకోవడం బార్ట్లీ స్వయంగా చూశాడు.

"నాలుగేళ్ళయింది," అనేవాడు రోజూ, వినేవాళ్ళున్నా లేకపోయినా. "నేను వచ్చేటప్పుడు చిన్నదానికి పళ్ళే రాలేదు. ఇంకో ఏడాదైతే ఊడటం మొదలెడతాయి."

ఒకరోజు ఏట్లో గొర్రెల్ని కడుగుతుంటే మోర్టీ అతని పక్కకి చేరాడు.

"మీ ఆవిడ పేరేంటబ్బాయ్?"

బార్ట్లీ చేతిలో గొర్రె జారింది. "ఎందుకు?"

"ఊరికే. ఏ ఊరు మీది? అక్కడ చర్చి ఫాదర్ ఎవరు?"

ఊరికే! వెనక అతని ఊళ్ళోనూ ఒకడు ఇలాగే ఊరికే అడిగి వెళ్ళాడు. ఆ వారంలోనే సిపాయిలొచ్చి బార్ట్లీని పట్టుకుపోయారు.

అవతలి గట్టు మీంచి ఫెస్టీ కన్ను గీటాడు.

"పెగ్ మల్లాయ్," అన్నాడు బార్ట్లీ తడుముకోకుండా. "ఊరు బాలినాహోన్. ఫాదర్ పేరు డ్వాయర్."

"ఆడపిల్లల పేర్లు?"

"మోల్, డోల్."

ఫెస్టీ నవ్వాపుకోలేక తల నీళ్ళలో ముంచేశాడు. మోర్టీ మాత్రం ఆ పేర్లు రెండుసార్లు పెదవులు కదుపుతూ వల్లెవేసుకున్నాడు.

"చక్కటి పేర్లు," అన్నాడు.

ఆ సాయంత్రం గుడిసెలో నవ్వులే నవ్వులు. ఆ తర్వాత వెలి ఇంకాస్త ముదిరింది. ముసలాయన టీలో ఉప్పు పడింది. వానలో ఆయన దుప్పటి ఎవరు బయట పడేశారో ఎవరికీ తెలీదు. అంటే, అందరికీ తెలుసు.

నెల తిరిగేసరికి మోర్టీ మేస్త్రీని బతిమాలుకుని, కొండ అవతల ఒంటరి మందకి కాపలాగా వెళ్ళిపోయాడు. చలికాలంలో దగ్గుతో అక్కడే పోయాడని కబురొచ్చింది.

"ఇక పైవాడికి చెబుతుంటాడు మన పేర్లు," అన్నాడు ఫెస్టీ.

ఏడాది దాటాక బార్ట్లీకి మేజిస్ట్రేటు కచేరీ నుంచి పిలుపొచ్చింది.

"బార్ట్లీ ఫీరిక్ నువ్వేనా?" అన్నాడు గుమాస్తా, కాగితం మీంచి తలెత్తకుండా. "నీ అర్జీ తిరిగొచ్చింది."

"నా అర్జీలు రెండూ ఎప్పుడో బూడిదయ్యాయండీ."

"ఇది మూడోది. సిడ్నీలో మంజూరైంది గానీ, అక్కడ ఐర్లండులో కొట్టేశారు. బాలినాహోన్ అనే ఊరే లేదట. పెగ్ మల్లాయ్ అనే మనిషీ లేదట. సంతకం పెట్టినందుకు దొరగారికి తలవంపులు."

బార్ట్లీ బల్ల మీదికి వంగాడు.

"మా ఆవిడ పేరు సబీనా అండీ. ఊరు కిల్‌బ్రాకన్. రాసుకోండి. ఇదిగో, ఇప్పుడే రాసుకోండి."

"అప్పుడు చెప్పాల్సింది."

"అప్పుడడిగింది ఆ ముసలాడు!"

"రాసిందీ ఆయనే. సంతకం కోసం మూణ్ణెల్లు, ఆదివారమల్లా దొరగారి పెరట్లో బంగాళాదుంపలకి నేల తవ్వాడు. అవుతుందో లేదో, ముందే చెప్పి నీకు ఆశపెట్టొద్దన్నాడు."

"నేనూ తవ్వుతానండీ. మూణ్ణెల్లు కాదు, మూడేళ్ళు తవ్వుతాను. ఇంకోటి రాయండి."

"ఏడాదికి ఒక్క అర్జీ మీదే దొరగారు సంతకం చేసేది. నీ ముందు పదహారుమంది ఉన్నారు."

"మరి అప్పుడెలా చేశారు?" బార్ట్లీ బల్ల గుద్దాడు. "వచ్చిన నా వంతు నాకు తెలీకుండానే పోతుందా? ఇదేం న్యాయమండీ?"

గుమాస్తా సిరాబుడ్డి పడిపోకుండా పట్టుకుని, మొదటిసారి తలెత్తి చూశాడు.

"నీ వంతెక్కడిదయ్యా? పదిహేడేళ్ళు కాచుకుంటే మోర్టీకి వచ్చిన వంతది. వాళ్ళావిడ పేరు తన చేత్తోనే కొట్టేసి, మీ ఆవిడ పేరు రాశాడు."