పేరు పెట్టి లేపండి

వియ్యాలవారు రైలు దిగి బయల్దేరారని కబురొచ్చే వేళకి తిరుపతమ్మ వంటింట్లో గ్రైండర్ మొండికేసింది. రాత్రి దాని సిస్టం తనంతట తానే కొత్తదైపోయి, నెట్‌వర్క్ కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ను ఎక్కడో పారేసుకుంది. నెట్ లేనిదే ఈ కాలపు గ్రైండర్ పిడికెడు పప్పయినా రుబ్బదు. గారెలకు నానిన మినప్పప్పు గిన్నెలో ఆమె వంకే చూస్తోంది.

“డ్రైవర్ మళ్లీ ఎక్కించానమ్మా,” అంది గ్రైండర్. “ఇక కార్డును పేరు పెట్టి లేపండి, అది లేవగానే తిరుగుతాను.”

తిరుపతమ్మ స్నానాల గది వైపు చూసింది. భర్త పానకాలు ముచ్చటపడి ఆ కార్డుకు తన పేరే పెట్టుకున్నాడు. ఆయనేమో స్నానాల గదిలో ఉన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆ పేరు ఆమె నోట వచ్చింది లేదు.

“మీ అయ్యగారు,” అంది.

“ఆ పేరుతో కార్డు లేదమ్మా.”

“అదేనే, మంగళగిరి కొండమీద స్వామికి పోస్తారే, బెల్లం నీళ్లు...”

“పానకాలు అని ఒకటుంది. అదే అయితే మీ నోటితో చెప్పాలి.”

“గడప దగ్గర ఆడపడుచు అడ్డం నిలబడ్డప్పుడే చెప్పలేదు, నీకు చెబుతానా! ఆ పేరు తీసేసి వేరేది పెట్టు.”

“ఏం పెట్టమంటారు?”

“ఏమండీ.”

కార్డు లేచింది. పప్పు నలిగింది. గారెలు వేగాయి.

వియ్యాలవారు విస్తళ్ల ముందు కూర్చున్నాక, మంచినీళ్లు పెట్టలేదని చూసి తిరుపతమ్మ హాల్లోకి “ఏమండీ!” అని కేకేసింది.

వంటింట్లో ఖాళీ గ్రైండర్ గిర్రున తిరిగింది. ఫోన్లో తల దూర్చిన పానకాలు మాత్రం తిరగలేదు.