ఆరో స్లైడు

“మీరు గవర్నమెంటు తరఫున రాలేదు కదండీ?”

తలుపు సగమే తెరిచి సావిత్రి అడిగిన మొదటి మాట అది.

“కాదండి. అమలాపురం ల్యాబ్ నుంచి. మొన్న ఫోన్ చేశాను కదా, హేమని.”

“ఆయ్, రండి,” అంది సావిత్రి. హేమ లోపలికి రాగానే మళ్లీ గడియ పెట్టేసింది.

మలికిపురం లాంటి ఊళ్లో పట్టపగలు గడియ పెట్టుకునే ఇల్లు హేమ ఎక్కడా చూడలేదు. వసారా వెనక రెండు గదులు. ఒకటి తెరిచి ఉంది, రెండోదానికి తాళం. హేమకి అవేవీ పట్టలేదు. సావిత్రినే కళ్లప్పగించి చూసింది. యాభై దాటిన మనిషి, నిండైన ఒళ్లు, బారెడు జడ. పదేళ్ల కిందట ఉచిత వైద్యం కార్డు మీద రొమ్ము క్యాన్సర్ ఆపరేషనైన మనిషి ఇలా ఉంటుందా! హేమకి ఏడుపొచ్చినంత పనైంది.

హేమ పనిచేసే ల్యాబ్‌లో పాత కేసుల్లో కోసిన క్యాన్సర్ గడ్డల ముక్కలు దాచిన మైనపు దిమ్మలు తీసి మళ్లీ పరీక్షిస్తున్నారు. కణాన్ని కణానికి అంటించి ఉంచే జిగురులాంటి ప్రోటీన్ ఒకటుంది, ఇ-క్యాడ్హెరిన్ అని. అది ఉంటే స్లైడు మీద ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది. లేకపోతే కణాలు ఒకదాన్నొకటి వదిలేసి ఒంట్లో ఎటుపడితే అటు వలసపోతాయి. గీత బొత్తిగా లేనివి ఆరు స్లైడ్లు దొరికాయి. ఆ మనుషులు బతికి ఉన్నారో లేరో ఫోన్ చేసి కనుక్కునే పని హేమది. అయిదిళ్లలో “లేరండి” అన్నారు. ఆరో ఇంట్లో “సావిత్రిని నేనేనండి” అని వినిపించింది.

ఏడో స్లైడు హేమదే, ఆమె రొమ్ములో దొరికిన గడ్డది. దాని మీదా గీత లేదు. “ఒక్క గుర్తు చూసి ఆయుష్షు చెప్పలేమమ్మా, సోమవారం కీమో మొదలెడదాం,” అన్నారు డాక్టరుగారు. ఎలాగూ పోయేదానికి ఆ నరకం కూడా ఎందుకని హేమ తన భర్త సత్యప్రసాద్‌తో తెగేసి చెప్పింది. ఇక ఆశంటూ ఉంటే ఈ ఆరో మనిషే.

“ఆ రోజులు గుర్తున్నాయాండీ?”

సావిత్రి తాళం వేసిన గదివైపు చూసింది. “మర్చిపోతామేటండీ! జుట్టంతా కుచ్చులు కుచ్చులుగా దువ్వెనకి వచ్చేసేదండి. నేనే మెల్లిగా దువ్వేదాన్ని. వాంతులకి బేసిన్ పట్టుకుని పట్టుకుని చేతులు లాగేసేయి.”

“నొప్పి ఉండేదా?”

మళ్లీ ఆ గదివైపే చూపు. “అరుపులు వీధి చివరిదాకా వినపడేయండి.”

హేమకి వింతగా తోచింది. ఎవరైనా తన నొప్పిని గోడ అవతల నిలబడి విన్నట్టు చెబుతారా?

“ఆ గదిలో ఎవరుంటారండీ?”

“ఎవరూ లేరండి,” అంది సావిత్రి. చూపు తిప్పుకుని, “ఇప్పుడెవరూ లేరు,” అంది.

“ఆపరేషన్ ఎటువైపండీ?”

సావిత్రి చెయ్యి కుడివైపుకి వెళ్లింది.

“ఫైల్లో ఎడమ అని ఉంది.”

చెయ్యి గబుక్కున ఎడమకి జరిగింది. “ఎడమేనండి, ఎడమే.”

కోసేసిన వైపేదో మర్చిపోయే ఆడది లోకంలో ఉంటుందా? కానీ మునిగిపోయేవాళ్లు చేతికి దొరికిన గడ్డిపరక పచ్చిదా ఎండుదా అని చూసుకోరు. పదేళ్లయింది, తడబడి ఉంటుందిలే అని హేమ సరిపెట్టుకుంది. సంచీలోంచి రెండు స్లైడ్లు తీసి కిటికీ వెలుగులో పట్టుకుంది.

“ఇది మీది, ఇది నాదండి. రెండింట్లోనూ ఆ జిగురు లేదు. అయినా మీరు బతికేరు. ఇంక నాకు భయం లేదు. సోమవారం కీమోకి వెళ్తాను. మా ఆయనకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్తాను.”

హేమ వంగి ఆవిడ పాదాలు పట్టుకుంది. కన్నీళ్లు ఆగలేదు.

సావిత్రి నిప్పు తొక్కినట్టు వెనక్కి తగ్గింది. “వద్దండి! నా కాళ్లకి దణ్ణం పెట్టకండి. ఆ పాపం నేను మొయ్యలేను. కేసు పెట్టనని ఒట్టేయండి, చెప్తాను.”

“కేసేంటండీ?” హేమ తలెత్తింది. “మీరు ఎలా బతికేరో చెప్పండి, చాలు.”

సావిత్రి తాళం వేసిన గదివైపు చెయ్యి చూపించింది.

“కార్డు నాదండి, జబ్బు మా తోడికోడలిది.”