మేఖల మునగచెట్టు

భీమిలిలో ఆ రోజుల్లో ఎవరి మందు వాళ్ల పెరట్లోనే పెరిగేది. హేమలత ఇంట్లో ఉన్నది కూతురు మేఖల ఉబ్బసం కోసమే ఆసుపత్రివాళ్లు తయారుచేసి ఇచ్చిన మునగచెట్టు. రోజూ గుప్పెడు ఆకు పప్పులో వేసి పెడితే చాలు, ఆ పిల్లకు ఊపిరి హాయిగా ఆడేది.

తుపానుకు ఆ చెట్టు మొదలంటా విరిగిపోయింది. కొత్త మొక్క తయారవడానికి ఏడాది పడుతుందని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. హేమలత విరిగిన కొమ్మల మధ్య కూలబడి ఏడ్చింది.

పక్కింటి తవిటమ్మ పరుగున వచ్చింది. "ఏటే హేమా, ఏడుస్తావేటి? ఆకు దూసి నీడలో ఆరబెట్టి పొడి కొట్టు. కొమ్మలు నరికి పాతు. ఆసుపత్రోళ్లు దానికి ఎన్ని మందులు నేర్పినా అది మునగే కదేటే, కొమ్మ పాతితే బతికేస్తాది!"

వీధంతా కదిలొచ్చింది. చాపల మీద, మంచాల మీద ఆకు ఆరింది. ప్రతి ఇంటివాళ్లూ తలా ఒక కొమ్మ పట్టుకెళ్లి తమ వాకిట్లో పాతుకున్నారు. పొడి డబ్బా అడుగంటేలోగా అన్నీ చిగురించాయి.

ఇప్పుడు మేఖల రోజుకో ఇంట్లో పప్పన్నం తింటోంది.

"ఈయాల మా ఇంటికేనే!" అని తవిటమ్మ కేకేసింది. ఆ పిల్ల వీధి చివర నుంచి ఒక్క ఊపున పరిగెత్తుకొచ్చి, ఏమాత్రం రొప్పకుండా అడిగింది.

"మామ్మా, నెయ్యుందా?"